కార్వేటినగరం చెరువులు – మూడు మెట్లెక్కిన దావా

తిరుత్తణి, పుత్తూరు పరిసరాలలోని పల్లెలెన్నో ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోనివి. ఆ ఊరి పేరు వినగానే సంగీతప్రియులకు సారంగపాణి పదాలు స్ఫురిస్తాయి. న్యాయశాస్త్రం చదివినవారికి మాత్రం తెగిన చెరువుకట్ట జ్ఞాపకానికి వస్తుంది. ఆనాడు ఆ జమీందారీ మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినది; 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరినది. తెలుగు మాట్లాడే కుటుంబాలు సరిహద్దుకు ఇరువైపులా నిలిచిపోయినవి.

మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుండి తొలి రైలు నడిపినది. అరక్కోణం వద్ద చీలి వాయవ్యంగా సాగిన మార్గం 1871 నాటికి రాయచూరు చేరినది. దారిలో ఆ జమీందారీ చెరువులున్నవి. ఒక మారు అసాధారణమైన వర్షాలు కురిసి కట్టలకు గండ్లు పడగా, వెలికురికిన నీరు రైలుమార్గపు కట్టడాలను దెబ్బతీసినది. కంపెనీ జమీందారుపై నష్టపరిహారానికి దావా వేసినది.

మొదటి కోర్టు సాక్ష్యం విన్నది. చెరువులు పురాతనమైనవి, మరమ్మతులు జరుగుచున్నవి, మిగులు నీటికి అలుగులున్నవి, ప్రతివాది అజాగ్రత్త కనబడలేదు. దావా కొట్టివేయబడినది. మద్రాసు హైకోర్టు కూడ అదే అన్నది. ఓడిన కంపెనీ ఇంగ్లండులోని ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకొన్నది.

రెండు కోర్టులూ ఏకాభిప్రాయంతో తేల్చిన వాస్తవాలను పై న్యాయస్థానం సాధారణంగా కదపదు. కనుక జమీందారు అజాగ్రత్త వహించెనని మరల రుజువు చేయబూనుటకన్న, అజాగ్రత్త లేకున్నను ఆయన బాధ్యుడే అనుట కంపెనీకి మిగిలిన మార్గం. ఈ వాదానికి బలమైన ఆధారమే దొరికినది.

1860లో లాంకషైర్‌లో రైలండ్స్ అను మిల్లు యజమాని తన భూమిలో కట్టించిన జలాశయం తెగి, ఆ నీరు పాడుబడిన సొరంగాల గుండా ఫ్లెచర్ అనువాని బొగ్గుగనిని ముంచినది. 1865లో మొదటి న్యాయస్థానం రైలండ్స్ పక్షాన, 1866లో పై న్యాయస్థానం ఫ్లెచర్ పక్షాన తీర్పు చెప్పినవి. పరిహారం తప్పించుకొనుటకు రైలండ్స్ ప్రభువుల సభకు అప్పీలు చేసినాడు. 1868లో అక్కడను ఓడినాడు. తన ప్రయోజనం కొరకు, సహజంగా లేని ప్రమాదకర వస్తువును భూమిపై కూడబెట్టినవాడు, అది తప్పించుకొని పొరుగువానికి హాని చేసిన యెడల, స్వయంగా అజాగ్రత్త వహింపకున్నను నష్టం భరింపవలెనని సూత్రం స్థిరపడినది.

ఈ సూత్రం కార్వేటినగరానికి వర్తించి ఉంటే దాని ఫలితం ఒక్క జమీందారుతో ఆగేది కాదు. దక్షిణదేశంలో చెరువు లేని ఊరు అరుదు. గొలుసుకట్టు చెరువులలో పైదానికి గండి పడితే కింద కట్టలు వరుసగా తెగుట పల్లెవాసులకు తెలియనిది కాదు. ప్రతి గండికీ పరిహారం చెల్లింపవలసి వచ్చిన యెడల చెరువును నింపుటకే జంకేవారు. ఆయకట్టు రైతు నోట మట్టి పడేది.

1874లో ప్రీవీ కౌన్సిల్ కంపెనీ అప్పీలును త్రోసిపుచ్చినది. రైలండ్స్ జలాశయం స్వలాభానికి కట్టుకొన్నది. ఈ చెరువులట్లు కావు. అవి చరిత్రకందని కాలం నుండి దేశమునకు ఆధారమైన నీటిపారుదల వ్యవస్థలో భాగములు. జమీందారు వాటిని పూడ్చివేయుటకు స్వతంత్రుడు కాడు. భూమితో పాటు వాటిని రక్షించు విధియు ఆయనకు సంక్రమించినది. న్యాయమూర్తులు చూపిన పోలిక ముచ్చటైనది. చెరువును నిలుపుకొను జమీందారు విధి, రైలుమార్గమును నిలుపుకొను కంపెనీ విధి వంటిదేనట! చట్టం అప్పగించిన పనిని జాగ్రత్తగా చేయునపుడు కలిగిన హానికి కంపెనీ ఏ రక్షణను కోరుకొనునో, అదే రక్షణ జమీందారుకూ లభించినది. కంపెనీ తెచ్చిన తూకపురాయితోనే కంపెనీని తూచినట్లయినది.

ఈ తీర్పు జమీందారులకు సర్వస్వేచ్ఛ ఇచ్చినదని తలచుట పొరపాటు. మరమ్మతు మాని, అలుగు పూడిపోనిచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. మొదటి కోర్టులో కట్టల స్థితిని గూర్చి నమోదైన సాక్ష్యమే చివరి మెట్టు వరకు ఆయనను కాపాడినది. అప్పీలు గెలుపోటములకు పునాది చాలవరకు కింది కోర్టులోనే పడునని ఈ వ్యాజ్యం చూపుచున్నది.

రైలండ్స్ సూత్రం మాత్రం మన దేశమును విడిచిపోలేదు. 1986 డిసెంబరులో ఢిల్లీ విషవాయువు కేసులో సుప్రీంకోర్టు దానిని దాటిపోయి, ప్రమాదకర పరిశ్రమలకు ఏ మినహాయింపూ లేని బాధ్యతను విధించినది. రైలెక్కబోయి పడి మరణించిన ఒక ప్రయాణికురాలి కేసు 2008లో అక్కడ తీర్పుకు వచ్చినది. ట్రిబ్యునల్ ఆమె కుటుంబానికి పరిహారం నిరాకరించగా కేరళ హైకోర్టు మంజూరు చేసినది. దానిపై కేంద్రప్రభుత్వం అప్పీలు చేసినది. రైల్వే తప్పున్నదా లేదా అను ప్రశ్న అనవసరమని, చట్టప్రకారం పరిహారం చెల్లింపవలసినదేనని సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టివేసినది. తప్పుతో నిమిత్తం లేని బాధ్యతను నూటముప్పది నాలుగేండ్లకు పూర్వం జమీందారు మెడకు చుట్టజూచినది ఒక రైల్వే కంపెనీయే.