పక్కింటి గాలి

మా ఇంట్లో శుక్రుడి పేరు వినపడేది ఒకే ఒక్క సందర్భంలో. పెళ్ళి ముహూర్తం పెట్టుకోబోతూ "శుక్రమూఢం ఉందేమో చూడండి" అని ఎవరో ఒకరు పంచాంగం అందుకునేటప్పుడు. శుక్రుడు సూర్యుడి వెలుగులో పడి మన కంటికి ఆనకుండా పోయే రోజులన్నమాట అవి. ఆ తర్వాత మళ్ళీ తెల్లవారుజామున వేగుచుక్కగానో, పొద్దుగూకాక పడమటి దిక్కునో కనపడతాడు. అంతకు మించి ఆయనతో మనకి పెద్దగా పని లేదనే అనుకునేవాణ్ణి.

ఈ మధ్య ఒక స్నేహితుడితో భూతాపం మీద వాదన పడింది. "గాలిలో కార్బన్ డయాక్సైడు ఎంతుందిరా? పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు. అది ప్రపంచాన్ని వేడెక్కిస్తుందా? అంతా కంప్యూటర్ మోడళ్ళ మాయ" అన్నాడు. ఇద్దరం ప్రోగ్రాములు రాసుకుని బతికేవాళ్ళమే కాబట్టి వాడి అనుమానం నాకర్థమైంది. ఒకే ఒక్క ఇన్‌పుట్ మీద పరీక్షించిన ప్రోగ్రాముని ఎవడు నమ్ముతాడు? మనకున్నది ఒకే భూమి.

కాకపోతే పక్కింట్లో ఇంకో ఇన్‌పుట్ ఉంది. అదే శుక్రుడు. పరిమాణంలో ఇంచుమించు భూమికి కవల. ఆ గాలిని చదివిన కథంతా మనవాళ్ళు వరసగా తప్పులు చేసి, వరసగా దిద్దుకున్న కథ.

శుక్రుడికి వాతావరణం ఉందని 1761లోనే రష్యాలో లొమొనోసోవ్ అన్నాడు. ఆ ఏడు శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా వెళ్ళినప్పుడు అంచున కనపడిన వెలుగుని బట్టి అలా ఊహించాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరు దుర్భిణి పెట్టి చూసినా తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. మబ్బుంటే నీళ్ళుండాలి, నీళ్ళుంటే అడవులుండాలి అనుకున్నారు. స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ కూడా శుక్రుడంటే చిత్తడి నేలలు, దట్టంగా పెరిగే పచ్చదనం అని రాశాడు. తమాషా ఏంటంటే, కార్బన్ డయాక్సైడు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో కాగితం మీద లెక్క కట్టింది ఈయనే. సూత్రం చేతిలో ఉంది, శుక్రుడి గాలిలో ఏముందన్న సమాచారమే లేదు. మనం మామూలుగా చేసే పనే ఆయనా చేశాడు: తెలియని ఖాళీలో తెలిసిన ఊరి బొమ్మ గీసుకున్నాడు.

ఆ సమాచారం 1932లో వచ్చింది. అమెరికాలో మౌంట్ విల్సన్ దుర్భిణితో ఆడమ్స్, డన్‌హామ్ శుక్రుడి నుంచి వచ్చే కాంతిని విడగొట్టి చూస్తే, కార్బన్ డయాక్సైడు గుర్తులు స్పష్టంగా కనపడ్డాయి. నీటి ఆవిరి జాడ దొరకలేదు. అంత కార్బన్ డయాక్సైడు ఉంటే నేల బాగా వేడిగా ఉండాలని 1940లో రూపర్ట్ విల్ట్ అన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1956లో రేడియో దుర్భిణితో కొలిస్తే 300 డిగ్రీల సెల్సియస్ పైనే వచ్చింది. అప్పుడు కూడా చాలామంది ఆ అంకెని నమ్మలేదు. ఆ రేడియో తరంగాలు నేల నుంచి కాదు, వాతావరణం పై పొరల్లో ఉన్న విద్యుత్ కణాల నుంచి వస్తున్నాయన్నారు. కాదు, ఇది కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి కలిసి పట్టి ఉంచిన వేడేనని కార్ల్ సాగన్ 1960లో తన పరిశోధనలో వాదించాడు.

ఈ తగాదా తీరిన పద్ధతి నాకు భలే నచ్చింది. తరంగాలు పై పొర నుంచి వస్తే గ్రహం అంచులు ఎక్కువ ప్రకాశవంతంగా కనపడాలి. కింద నేల నుంచి వస్తే అంచులు మసకబారాలి. 1962 డిసెంబరు 14న మారినర్ 2 శుక్రుడి పక్కనుంచి వెళ్తూ కొలిచింది. అంచులు మసకబారే ఉన్నాయి. అంటే కాలుతున్నది నేలే.

ఇక దిగి చూడటం మిగిలింది. సోవియట్ వాళ్ళు వెనెరా 4ని పంపారు. నీళ్ళలో పడొచ్చన్న ఆశ ఇంకా చావలేదు. అందుకని నీళ్ళు తగిలితే కరిగిపోయి యాంటెన్నా తెరుచుకునేలా చక్కెరతో ఒక తాళం పెట్టారు! 1967 అక్టోబరు 18న అది శుక్రుడి గాలిలోకి దిగింది. వేరే గ్రహం గాలిని అక్కడికే వెళ్ళి పరీక్షించడం అదే మొదటిసారి. గాలిలో 90 శాతం పైగా కార్బన్ డయాక్సైడే అని తేలింది. ఉష్ణోగ్రత 260 డిగ్రీలు దాటాక సంకేతాలు ఆగిపోయాయి. నేల తాకామని ప్రకటించారు. కానీ మర్నాడే పక్కనుంచి వెళ్ళిన అమెరికా వాళ్ళ మారినర్ 5 లెక్కలతో పోల్చి చూస్తే పొసగలేదు. ఎత్తు చూపించే పరికరం అంకెని తప్పుగా అర్థం చేసుకున్నారు. వెనెరా మూగబోయింది ఇంకా పాతిక కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే.

నిజంగా నేల తాకి మాట్లాడింది 1970 డిసెంబరు 15న దిగిన వెనెరా 7. పారాచూట్ పాడై గట్టిగానే గుద్దుకుంది, సంకేతం ఆగిపోయిందనుకున్నారు. తర్వాత రికార్డు చేసిన టేపులు మళ్ళీ తిరగేస్తే, రొదలో కలిసిపోయి మరో 23 నిమిషాల బలహీనమైన సంకేతం దొరికింది. పాత లాగ్ ఫైళ్ళు ఎందుకు దాచుకోవాలని అడిగేవాళ్ళకి నేను ఈ కథే చెప్తాను. లోపల స్విచ్చి ఒకటి ఇరుక్కుపోయి అది పంపింది ఒక్క ఉష్ణోగ్రతే: 475 డిగ్రీలు. దాన్ని బట్టి పీడనం లెక్క కడితే మన దగ్గరకన్నా దాదాపు 90 రెట్లు.

"సూర్యుడికి దగ్గర కాబట్టి వేడి" అంటారేమో. ఇంకా దగ్గరున్న బుధుడి మీద పగలు కూడా అంత వేడి ఉండదు. పైగా శుక్రుడి మబ్బులు పడిన ఎండలో మూడొంతులు వెనక్కి కొట్టేస్తాయి. మిగిలేది భూమి పీల్చుకునే ఎండకన్నా తక్కువే. వేడిని పట్టి ఉంచే గాలే లేకపోతే శుక్రుడు సున్నాకి 40 డిగ్రీల కింద గడ్డకట్టుకుపోయేవాడు. ఆ తేడా మొత్తం గాలిదే.

ఇక్కడ జేమ్స్ హాన్సెన్ గురించి చెప్పాలి. 1967లో ఆయన డాక్టరేట్ శుక్రుడి మీదే. గ్రహం లోపలి వేడిని ధూళి దుప్పటిలా కప్పి ఉంచుతోందని రాశాడు. తప్పని తేలింది. 1974లో ఇంకొకరితో కలిసి, మబ్బుల నుంచి తిరిగొచ్చే కాంతిని బట్టి ఆ బిందువుల సైజు తేల్చాడు. ఆ మబ్బులు నీళ్ళు కావు, గంధకామ్లం. శుక్రుడికి పంపబోయే పయనీర్ వ్యోమనౌకలో ఒక పరికరానికి ఆయనే బాధ్యుడు. నౌక గమ్యం చేరకముందే ఆ బాధ్యత సహోద్యోగికి అప్పజెప్పి భూమి వైపు తిరిగాడు. కళ్ళముందే మారుతున్న గాలి ఇక్కడుంటే అక్కడెందుకు అనుకున్నాడు. 1988 జూన్ 23న అమెరికా సెనేట్ కమిటీ ముందు భూమి వేడెక్కుతోందని సాక్ష్యం చెప్పింది ఈ హాన్సెనే.

1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది. ఆకాశంలోకి చేరిన గంధకం శుక్రుడి మబ్బుల్లాంటి బిందువులుగానే మారింది. భూమి తాత్కాలికంగా అర డిగ్రీ దాకా చల్లబడుతుందని హాన్సెన్ బృందం మోడల్‌తో ముందుగానే చెప్పింది. ఇంచుమించు అలాగే జరిగింది. నా స్నేహితుడు మాయ అన్న మోడల్ ఇదే రకం.

వాడికి ఇదంతా చెప్తే, "అయితే మనమూ శుక్రుడిలా అయిపోతామంటావా?" అన్నాడు. అవ్వం. అక్కడ గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడు, పైగా గాలే మనకన్నా ఎన్నో రెట్లు బరువు. మనం బొగ్గు కాల్చి అక్కడిదాకా వెళ్ళలేం. శుక్రుణ్ణి చూపించి జనాన్ని బెదిరించేవాళ్ళతోనూ నాకు పేచీయే. కానీ వాడి "నాలుగు పాళ్ళు" లెక్కలో ఒక పొరపాటుంది. మన గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ నేల నుంచి పోయే వేడిని దాదాపు ఆపవని జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగం చేసి చూశాడు. ఆపే పని చేసేవి ఆ మిగిలిన కొంచెంలోనే ఉన్నాయి. ఆ కొంచెం 1958లో హవాయిలో కొలవడం మొదలెట్టినప్పుడు పది లక్షల పాళ్ళలో 315. ఇప్పుడు 420 దాటింది. మూడొంతుల్లో ఒక వంతు పెరిగితే కొంచెం అనలేం.

మన ప్రభుత్వం కూడా 2024 సెప్టెంబరులో శుక్రుడి చుట్టూ తిరిగే నౌకకి 1,236 కోట్లు మంజూరు చేసింది. 2028 మార్చిలో పంపాలని ప్రణాళిక. "ఇక్కడ ఇన్ని కష్టాలుంటే శుక్రుడెందుకు?" అని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. నన్నడిగితే, మన ఇంటి గాలి సంగతి సగం తెలిసింది పక్కింటికి వెళ్ళొచ్చాకే అంటాను. స్నేహితుడు మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "మోడల్ సంగతి సరే, కొలతలు చూపించు" అంటున్నాడు. అది మంచి ప్రశ్నే. కొలతలు పంపిస్తానన్నాను.