శబ్ద నిక్షేపము : తగరపు రేకు మొదలు అంకెల దస్త్రము దాక

శబ్దము ఆకాశగుణమని మన తార్కికులు చెప్పిరి. అది పుట్టిన కొలది క్షణములలో నశించునని నైయాయికులును, కాదు నిత్యమని మీమాంసకులును తరతరములుగా వాదించుకొనిరి. ఆ వాదము మనవంటివారు తీర్చునది కాదు. పలికిన పలుకును పట్టి మరల వినిపించు ఉపాయమును మాత్రము 1877లో అమెరికాలో ఎడిసన్ కనిపెట్టెను. గొట్టమునకు చుట్టిన తగరపు రేకుపై సూది చేసిన గాడియే ఆయన శబ్దలేఖనము. పదేండ్లకు బెర్లినర్ గొట్టమునకు బదులు పళ్లెమును తెచ్చెను. ఆ మార్గమున ఒక అచ్చునుండి వేల ప్రతులు తీయ వీలయ్యెను. తాళపత్రము పోయి అచ్చుపుస్తకము వచ్చిన చందమే యిదియును.

ఈ విద్య 1902లో కలకత్తాకు వచ్చినది. గ్రామఫోను కంపెనీ పక్షమున వచ్చిన గైస్‌బర్గ్ అచ్చట గౌహర్ జాన్ పాటలను పళ్లెముల కెక్కించెను. ఒక ప్రక్కన పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. గంటల తరబడి సాగు రాగమును విద్వాంసులు అంతలోనికే కుదింప నేర్చిరి. నాటక పద్యమునకు ఆ కొలత సరిపోయెను. మన ఒగ్గుకథకు ఎట్లు సరిపోవును? రాత్రుల కొలది మల్లన్న కథ చెప్పువానిని మూడు నిమిషములలో బంధించుట కుండలో చెరువును నింపుటయే.

హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో ఉండెను. అది 1950లో ఆకాశవాణిలో కలిసినది. ఆనాటి రేడియో ప్రసారములు చాలవరకు నేరుగా సాగునవి. గాలిలో కలిసినవి కలిసియే పోయినవి. తరువాత అయస్కాంతపు టేపు వచ్చినను, అది ఖరీదైన వస్తువగుటచే ప్రసారమైనదానిని చెరిపి దానిపైననే క్రొత్తది పట్టుట పెక్కు దేశముల రేడియోలలో వాడుకయై యుండెను.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది తెలంగాణ కవులను లోకమునకు చూపిరి. కాగితముపై నున్నవారు అట్లు దక్కిరి. గొంతులకు అట్టి సంచికను కూర్చు సాధనము పల్లెలకు అప్పుడు లేదు. సాయుధపోరాట కాలమున మన నల్లగొండ సీమలో బండి యాదగిరి నిజామును ధిక్కరించుచు పాట కట్టెను. పాట జనుల నోట నిలిచినది. 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రమున గద్దర్ పాడగా దేశమంతయు వినెను. కట్టినవాని గొంతును మాత్రము మనము వినలేము.

నేటి స్టూడియోల పద్ధతి లెక్కలు వ్రాయువానికి ఇట్టే బోధపడును. పాడువాని గాలి మైకును తాకి విద్యుత్తుగా మారును. ఆ విద్యుత్తు ఎంత ఎత్తున నున్నదో యంత్రము కొలిచి అంకె వేయును. ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1982లో తెచ్చిన సీడీకి సెకనుకు 44,100 కొలతలు. ఇన్ని యేల? మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనముల వరకే వినును. కంపనమును తప్పక పట్టుటకు దాని రెట్టింపునకు మించి కొలతలు కావలెను. ప్రతి కొలతయు 65,536 మెట్లలో ఏ మెట్టున నున్నదో వ్రాయబడును. కుడిచెవి కొకటి, ఎడమచెవి కొకటి, రెండు పద్దులు. కూడి చూచితిని: నిమిషమునకు 52,92,000 అంకెలు, అంకెకు రెండు బైట్ల చొప్పున 1,05,84,000 బైట్లు. ఆరు గంటల ఒగ్గుకథకు సుమారు 381 కోట్లు! ఇంతయు వ్రేలిగోరంత చిప్పులో ఇమిడిపోవును. మూడు నిమిషముల సంకెల తెగినదన్నమాట.

పెద్ద స్టూడియోలలో సెకనుకు 48,000 లేక 96,000 కొలతలు తీయుదురు. గాయకుని, మద్దెలను, వయొలినును వేర్వేరు పద్దులుగా, ఒక్కొక్కప్పుడు వేర్వేరు దినములలో పట్టి పిదప కలుపుదురు. సినిమాపాటకు ఇది బాగు. కాని ఒగ్గుకథలో కథకుడును డోలువాడును ఒకరి ముఖ మొకరు చూచుచు నడచువారు. వారిని విడదీసి పట్టుట నాకు రుచింపదు.

అంకెలకొక గొప్ప గుణము కలదు. పళ్లెము ఆడించిన కొలది అరుగును. అంకెల ప్రతికి ప్రతి వ్రాసినను మూలమునకు వెంట్రుకవాసి భేదముండదు. అట్లని నిశ్చింత లేదు. 1987లో వచ్చిన డాట్ టేపు యంత్రముల తయారీని సోనీ 2005లో మానినది. టేపు ఉన్నను వినిపించు యంత్రము కరవైనది. పాత టేపులను 2025 లోపల అంకెలలోనికి మార్చనిచో పెక్కింటికి ఆ అవకాశమే దాటిపోవునని యునెస్కో 2019లో హెచ్చరించెను. అంతకు ముందే, 2008లో, అమెరికాలోని యూనివర్సల్ స్టూడియో నిలువగది తగులబడి మూలప్రతులు బూడిదయ్యెను. కావున ఒకే ప్రతిని ఒకేచోట నుంచరాదు.

ఇంకొక చిక్కు కలదు. ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ తారీఖో వ్రాయని దస్త్రము ఎంత స్వచ్ఛముగా పలికినను అనాథయే. 1954-55 నాటి ఖాస్రా పహాణీ కొరకు రైతులు నేటికిని తిరుగుట దేనికి? దానిలో సర్వే నంబరు ఎదుట పేరున్నది గనుక.

జనగామ ప్రాంతమున ఒగ్గుకథకు కీర్తి తెచ్చిన చుక్క సత్తయ్యగారు 2017లో గతించిరి. మోత్కూరు చుట్టుపట్ల గొల్ల, కురుమ కథకులలో పెద్దవారు ఇంకను ఉన్నారు. నేడు జేబులోని ఫోను సైతము ఆ సీడీకి దీటుగా కొలువగలదు. గ్రంథాలయమున పుస్తకముల దాఖలా రిజిస్టరు ప్రక్కన గొంతులకొక రిజిస్టరు తెరువవచ్చును. పేరు, ఊరు, తారీఖు, కథ పేరు, రెండవ ప్రతి ఉన్న చోటు : ఐదు గడులు చాలును. గీతలు గీసి యిచ్చు పని నాది.