సాల్సా రికార్డుల స్వర్ణకాలం: న్యూయార్క్, 1964–1978

సాల్సా పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన సంగీతానికి పుట్టిల్లు క్యూబా. అయితే ఈనాడు ప్రామాణికమని భావించే ఆల్బముల రూపంలో అది తయారైనది మాత్రం న్యూయార్క్‌లో, 1960ల మధ్య నుంచి 1970ల చివరి దాకా గడిచిన సుమారు పదిహేనేళ్లలో. తూర్పు హార్లెం, దక్షిణ బ్రాంక్స్ పేటలలో స్థిరపడిన ప్యూర్టోరికన్ కుటుంబాల పిల్లలు, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, పనామాల నుంచి వలస వచ్చిన కళాకారులు, వారితో కలిసి వాయించిన యూదు సంతతి సంగీతకారులు దానికి నిర్మాతలు. ఈ సంగీత చరిత్రను చాలామంది నాట్య చరిత్రగానే చెప్పారు. నాట్యశాల లేనిదే ఈ సంగీతం లేదన్నది నిజమే అయినా, కూర్చుని వినే శ్రోతకు అందులో మరొక చరిత్ర వినిపిస్తుంది. బృందనాయకుడు ముందుగా నిర్ణయించి స్వరపరచిన భాగానికీ, గాయకుడు అప్పటికప్పుడు అల్లుకుపోయే భాగానికీ మధ్య నడిచిన సంవాదపు చరిత్ర అది. అట్ట మీద పెద్ద అక్షరాలతో నాయకుడి పేరు ఉన్నప్పటికీ, గొప్ప రికార్డును మామూలు రికార్డు నుంచి వేరుచేసేది ఆ సంవాదమే.

సాల్సాకు ఆధారమైన గేయరూపాన్ని 'సోన్' అంటారు. క్యూబా తూర్పు ప్రాంతంలో రూపుదిద్దుకుని 1920ల నాటికి హవానాలో ఆదరణ పొందిన ఈ రూపంలో స్పెయిన్ నుంచి వచ్చిన తంత్రీవాద్యాలూ గేయ సంప్రదాయమూ ఒకవైపు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడిన జనుల తాళవాద్యాలూ వంతపాట పద్ధతీ మరొకవైపు కలిశాయి. దాని లయకు ఇరుసు 'క్లావే'. రెండు చేవ కర్రముక్కలను ఒకదానితో ఒకటి తాటించి పలికించే ఈ ఐదు దెబ్బల వరుస రెండు ఆవర్తాలలో పరుచుకుంటుంది. ఒక ఆవర్తంలో మూడు దెబ్బలు, మరొకదానిలో రెండు పడతాయి. ఆ కర్రల చప్పుడు వినిపించని పాటలలో కూడా పియానో, బాస్, కాంగా, ఇత్తడి వాద్యాలు, చివరకు గాయకుడి మాటల విరుపు సైతం ఆ వరుసకు లోబడే నడుస్తాయి. పాట రెండు భాగాలుగా సాగుతుంది. మొదటి భాగంలో చరణాలు కవి రాసినట్లుగా వస్తాయి. 'మోంతూనో' అనే రెండో భాగంలో పియానో ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని తిప్పి తిప్పి వాయిస్తుండగా వంతగాళ్లు ఒకే పాదాన్ని పదేపదే అందుకుంటారు, ఆ పాదానికీ పాదానికీ మధ్య ముఖ్య గాయకుడు కొత్త మాటలు అల్లుతూ పోతాడు. బుర్రకథలో కథకుడికీ వంతలకూ మధ్య సాగే ఇచ్చిపుచ్చుకోవడం ఎరిగిన తెలుగు శ్రోతకు ఈ పద్ధతి త్వరగానే పట్టుబడుతుంది. ఇలా అల్లగల గాయకుడిని 'సోనెరో' అంటారు. ఆ మాట వట్టి కంఠస్వరానికి కాక, ఛందస్సు తప్పకుండా, క్లావే తప్పకుండా ఆశువుగా పలకగల నేర్పుకు దక్కే గౌరవం.

సోన్ బృందాన్ని విస్తరించి తరువాతి తరాల సాల్సా బృందానికి నమూనా ఇచ్చినవాడు ఆర్సేనియో రొద్రీగెస్. చిన్ననాటనే చూపు పోగొట్టుకున్న ఈ క్యూబన్ విద్వాంసుడు మూడు జంట తీగల 'త్రెస్' అనే గిటారును వాయించేవాడు. 1940 ప్రాంతంలో ఆయన తన బృందానికి పియానో, కాంగా, అదనపు ట్రంపెట్లు చేర్చి 'కొంహుంతో' అనే కూర్పును స్థిరపరిచాడు. అదే కాలంలో న్యూయార్క్‌లో మచీతో నాయకత్వాన, ఆయన బావ మారియో బౌసా సంగీత నిర్దేశకత్వాన, క్యూబన్ తాళాన్ని జాజ్ వాద్యబృందపు ఇత్తడి నిండుదనంతో మేళవించే ప్రయత్నం మొదలయింది. బ్రాడ్వే మీది పల్లాడియం నాట్యశాలలో మచీతో, తీతో పుయెంతే, తీతో రొద్రీగెస్ బృందాలు 1950లలో పోటాపోటీగా వాయించాయి. పుయెంతే 1958లో విడుదల చేసిన 'డాన్స్ మేనియా' ఆ కాలపు పెద్ద బృందాల పటిమకు ఇప్పటికీ చక్కని సాక్ష్యం. అయితే 1959 విప్లవం తరువాత అమెరికా, క్యూబా సంబంధాలు తెగిపోయి, 1962లో వాణిజ్య నిషేధం పూర్తిగా అమలులోకి రావడంతో హవానా నుంచి కొత్త రికార్డులూ కొత్త కళాకారులూ న్యూయార్క్‌కు రావడం ఆగిపోయింది. పుట్టింటి నుంచి రాకపోకలు నిలిచిపోయినందువల్లనే న్యూయార్క్ సంగీతకారులు తమ చేతిలో ఉన్న పాత సోన్‌ను తమ వీధుల బతుకుకు తగినట్లుగా తిరగరాసుకోవలసి వచ్చింది.

ఆ తిరగరాతకు తొలి గుర్తు ట్రాంబోన్. 1961లో పియానో విద్వాంసుడు ఎడ్డీ పాల్మియెరి 'లా పెర్ఫెక్తా' అనే బృందాన్ని ఏర్పరచినప్పుడు, అప్పటి ఫ్యాషన్ అయిన 'చరాంగా' కూర్పులోని వేణువును మాత్రం ఉంచుకుని, వయొలిన్ల స్థానంలో రెండు ట్రాంబోన్లను పెట్టాడు. ఈ మార్పు ఎంత పెద్దదో బ్యారీ రోజర్స్ అనే ట్రాంబోన్ విద్వాంసుడి వాదనం వింటే తెలుస్తుంది. వయొలిన్లు నునుపుగా, వెనకనుంచి పాటను మోస్తే, ఈ ట్రాంబోన్లు గరుకుగా, దాదాపు మనిషి గొంతులా, గాయకుడికి ఎదురు నిలిచి పలుకుతాయి. 1965 నాటి 'ఆసూకర్ పా తీ' రికార్డులో పియానో ఒక్క స్వరగుచ్ఛాన్నే పట్టుకుని కూర్చోగా దాని మీద ట్రాంబోన్ అంచెలంచెలుగా ఒత్తిడి పెంచుకుంటూ పోయే తీరు రాబోయే దశాబ్దపు నాదానికి నాంది పలికింది.

1964లో జానీ పచేకో అనే డొమినికన్ వేణు విద్వాంసుడు, ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసి తరువాత న్యాయవాదిగా మారిన జెర్రీ మసూచీ కలిసి ఫానియా రికార్డ్స్ సంస్థను స్థాపించారు. తొలి రికార్డు 'కన్యొనాసో'ను తూర్పు హార్లెం దుకాణాలకు వారు కారులో వేసుకుని వెళ్లి అమ్మిన సంగతి ప్రసిద్ధం. పచేకో రుచి సంప్రదాయానిది. చరాంగాను వదిలి ట్రంపెట్ల కొంహుంతో వైపు మళ్లిన ఆయన క్యూబన్ సోన్‌ను దాదాపు యథాతథంగా నిలపదలచాడు. దానికి భిన్నంగా, ఆ దశాబ్దపు నడుమ ఆంగ్ల గీతాలతో, నల్లజాతి సోల్ సంగీతపు లయతో వెలిగిన బూగలూ తరంగం నాలుగైదేళ్లకే చల్లారింది.

ఫానియాకు తనదైన ముఖం ఇచ్చినది పచేకో కాదు, విల్లీ కొలోన్, ఎక్టర్ లావో జంట. దక్షిణ బ్రాంక్స్‌లో పుట్టిన కొలోన్ 1967లో 'ఎల్ మాలో' విడుదలయ్యేనాటికి పదిహేడేళ్ల కుర్రవాడు. ప్యూర్టోరికోలోని పోన్సే పట్టణం నుంచి 1963లో వచ్చిన లావో అతనికంటే నాలుగేళ్లు పెద్ద. కొలోన్ ట్రాంబోన్‌లో పాల్మియెరి బృందపు నేర్పు మొదట్లో లేదు, కానీ దానికి మించిన మొరటుతనం, తెగువ ఉన్నాయి. లావో కంఠం సన్నగా, ముక్కుతో పలికినట్లు, ఎంత ఇత్తడి మోతలోనైనా ప్రతి అక్షరం విడివిడిగా వినపడేట్లు ఉండేది. ఆ జంట తమను తాము వీధి రౌడీలుగా చిత్రించుకుంది. 'లా గ్రాన్ ఫూగా' రికార్డుకు ఇజ్జీ సనాబ్రియా రూపొందించిన అట్ట, పరారీలో ఉన్న నేరస్థుడి కోసం పోలీసులు అతికించే ప్రకటన మాదిరిగా ఉంటుంది. అయితే వారి రికార్డులలో చరిత్ర దృష్ట్యా అన్నిటికంటే విలువైనది 1970 నాటి 'అసాల్తో నావిదేన్యో' అనే క్రిస్మస్ ఆల్బమేనని చెప్పాలి. ప్యూర్టోరికో కొండపల్లెల రైతులు క్రిస్మస్ రోజులలో ఇంటింటికీ తిరిగి పాడే పాటల బాణీలను, ఐదు జంటలుగా పది తీగలుండే 'క్వాత్రో' వాద్యంపై యోమో తోరో వాయించగా, దాని పక్కనే బ్రాంక్స్ ట్రాంబోన్లు మోగుతాయి. పల్లె విడిచి వచ్చిన తల్లిదండ్రుల తరమూ, పల్లెను ఎన్నడూ చూడని పిల్లల తరమూ ఒకే రికార్డును సొంతం చేసుకున్న సందర్భం అది. ఇప్పటికీ ప్యూర్టోరికన్ ఇళ్లలో క్రిస్మస్ వచ్చిందంటే ఆ రికార్డు మోగవలసిందే.

1971 ఆగస్టు 26న మన్‌హాటన్‌లోని చీతా నాట్యశాలలో ఫానియా నాయకులు, గాయకులు అందరూ ఒకే వేదిక ఎక్కి చేసిన కచేరీని లియోన్ గాస్ట్ చిత్రీకరించి, మరుసటి ఏడు చలనచిత్రంగా విడుదల చేశాడు. కచేరీ దృశ్యాల మధ్య అందులో కనిపించే తూర్పు హార్లెం వీధులు, శిథిలమైన భవనాలు, ఆడుకునే పిల్లలు ఈ సంగీతం ఎవరిదో మాటలతో పని లేకుండా తెలియజేస్తాయి. 1973 ఆగస్టు 24న యాంకీ స్టేడియంలో నలభై వేలకు పైగా జనం హాజరైన కచేరీ, ప్రేక్షకులు మైదానంలోకి దూసుకురావడంతో అర్ధాంతరంగా ముగిసింది. ఆ స్టేడియం పేరుతో 1975లో వెలువడిన రికార్డులలో చాలా భాగం సాన్ హువాన్‌లో జరిగిన మరొక కచేరీ నుంచి తీసుకున్నదన్న సంగతిని శ్రోత గుర్తుంచుకోవాలి.

ఇదే కాలంలో మిగిలిన నాయకుల ఉత్తమ కృషి వెలువడింది. కాంగా విద్వాంసుడు రే బరెట్టో, తన బృందంలోని ముఖ్యులు విడిపోయి వేరుకుంపటి పెట్టుకున్న తరువాత కొత్తవారిని కూడగట్టి, 1973లో 'ఇండెస్ట్రక్టిబుల్' వెలువరించాడు; దెబ్బతిన్నవాడి పట్టుదల ఆ రికార్డులోని ప్రతి తాళపు మలుపులోనూ వినిపిస్తుంది. బ్రూక్లిన్ యూదు కుటుంబంలో పుట్టిన లారీ హార్లో, ఆర్సేనియో రొద్రీగెస్ 1970 చివర లాస్ ఏంజెలెస్‌లో మరణించిన మరుసటి ఏడే ఆయన స్మృతిలో ఒక ఆల్బమును అర్పించి, ఈ సంగీతం ఎవరికి రుణపడి ఉందో బాహాటంగా చాటాడు. 1960లో స్వదేశమైన క్యూబాను విడిచి మళ్లీ అక్కడ స్థిరపడే అవకాశమే లేకపోయిన గాయని సీలియా క్రూస్, 1974లో పచేకోతో కలిసి 'సీలియా అండ్ జానీ' చేసి, తనను దాదాపు మరచిపోయిన కొత్త తరానికి మహారాణి అయింది. మగవారే నాయకులుగా, గాయకులుగా నిండిన ఆ సంస్థలో ఒక స్త్రీ సోనెరోగా నిలిచి, ఎవరికీ తగ్గకుండా ఆశువుగా అల్లగలగడం చిన్న విజయం కాదు. పాల్మియెరి 1974 నాటి 'ద సన్ ఆఫ్ లాటిన్ మ్యూజిక్' ఆల్బముకు, లాటిన్ సంగీతానికి కొత్తగా ఏర్పరచిన గ్రామీ బహుమతి తొలిసారిగా దక్కింది.

నాయకులకూ గాయకులకూ వెనుక, అట్ట వెనక చిన్న అక్షరాలలో మాత్రమే కనిపించే ఒక పేరు ఉంది: తీతే కురెత్ అలోన్సో. ప్యూర్టోరికోలో తపాలా శాఖ ఉద్యోగిగా పనిచేస్తూ వందల కొద్దీ పాటలు రాసిన ఈ కవి, ఏ గాయకుడికి ఏ మాట అమరుతుందో ఎరిగి రాసేవాడు. గాయకుడు చెయో ఫెలిసియానోకు ఆయన ఇచ్చిన 'అనకావోనా' స్పానిష్ ఆక్రమణకు బలైన ఒక ఆదివాసీ రాణిని స్మరిస్తుంది. లావో 1976లో 'దే తీ దెపెందే' ఆల్బములో పాడిన 'పెరియోదికో దే ఆయెర్' గతించిన ప్రేమను నిన్నటి వార్తాపత్రికతో పోలుస్తుంది. చరణాలు ముగిశాక ఆ పోలికను వంతగాళ్లు పట్టుకోగా, లావో దాన్ని విసుగు, ఎగతాళి, దాచుకోలేని బాధల మీదుగా ఎన్ని వైపులకో తిప్పుతాడు. నడుమ తంత్రీవాద్యాల సుదీర్ఘ భాగం వచ్చి గాయకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. కవి పోలిక, స్వరకర్త కూర్పు, గాయకుడి ఆశుకల్పన ఇంత సమంగా తూగిన పాట ఆ దశాబ్దంలో అరుదు. అటువంటి కవి పాటలు హక్కుల వివాదం మూలంగా 1990ల మధ్య నుంచి ఏళ్ల తరబడి ప్యూర్టోరికో రేడియోలలో వినపడకుండా పోవడం ఆ వ్యాపారం చేసిన ఘోరమైన అన్యాయం.

రూబెన్ బ్లేడ్స్ ఫానియాలో అడుగుపెట్టినది గాయకుడిగా కాదు, ఉత్తరాలు చేరవేసే గదిలో ఉద్యోగిగా. పనామాలో న్యాయశాస్త్రం చదివిన ఈ యువకుడు కొలోన్‌తో కలిసి 1978లో చేసిన 'సియెంబ్రా' సాల్సా ఆల్బములన్నిటిలోనూ అత్యధికంగా అమ్ముడైన వాటిలో ఒకటి. తొలి పాట డిస్కో బాణీతో మొదలై, శ్రోత అనుమానపడేలోపు క్లావేలోకి మళ్లి, వస్తువ్యామోహాన్ని ఖండించి, చివరకు లాటిన్ అమెరికా దేశాలను పేరు పేరునా పిలుస్తుంది. ఏడు నిమిషాలకు పైబడిన 'పెద్రో నవాహా' ఒక కత్తి దొంగ, ఒక వీధి వేశ్య పరస్పరం చంపుకున్న రాత్రిని కథగా చెబుతుంది. తాళవాద్యాలతోనే ఆరంభమయ్యే కూర్పులో చరణం గడిచేకొద్దీ కొత్త వాద్యాలు వచ్చి చేరుతూ, ఉత్కంఠను మాటలకంటే ముందే పెంచుతాయి. రేడియోలకు పనికిరానంత నిడివి ఉన్న ఈ పాటే ఖండమంతటా మారుమోగింది. అయితే బ్లేడ్స్‌తో తూకం మారిందనీ గమనించాలి: ఆశువుగా అల్లే సోనెరో స్థానంలో ముందుగా రాసుకుని వచ్చే కథకుడు నిలిచాడు. సాల్సా సాహిత్యానికి అది లాభం. మోంతూనో స్వేచ్ఛకు కొంత నష్టం.

న్యూయార్క్ వెలుపల కూడా బలమైన కేంద్రాలు ఉండేవి. రఫాయెల్ ఇతియెర్ 1962లో స్థాపించిన ఎల్ గ్రాన్ కోంబో ప్యూర్టోరికోలో దశాబ్దాల పాటు నిలిచింది. 1968లో రిచీ రే, బాబీ క్రూస్ వచ్చి వాయించిన కొలంబియాలోని కాలీ నగరంలో, నర్తకులు నిమిషానికి 33 చుట్ల రికార్డులను 45 చుట్ల వేగంతో తిప్పించుకుని, ఆ పరుగుకు తగిన పాదవిన్యాసాన్నే కనిపెట్టారు. న్యూయార్క్‌లో మాత్రం 1980లు వచ్చేసరికి ఫానియా చితికిపోగా, మెత్తని ప్రేమగీతాల సాల్సా రొమాంతికా ముందుకు వచ్చింది. మోంతూనో కుదించుకుపోయి, గాయకుడి రూపం అతని ఆశుప్రతిభకంటే ముఖ్యమయింది. లావో 1993లో, నలభై ఆరేళ్ల వయసులో, న్యూయార్క్‌లో మరణించాడు.

ఈ సంగీతాన్ని కొత్తగా వినదలచినవారు ఏరి కూర్చిన ప్రసిద్ధ గీతాల మాలికలతో కాక, 'అసాల్తో నావిదేన్యో', 'ఇండెస్ట్రక్టిబుల్', 'దే తీ దెపెందే', 'సియెంబ్రా' ఆల్బములతో, పాటల వరుస మార్చకుండా, ప్రతి పాటనూ మోంతూనో ముగిసేదాకా ఆపకుండా వినడం మంచిది. స్పానిష్ రాకపోయినా వంతపాదం ఎక్కడ మొదలవుతుందో రెండు మూడు సార్లు వింటే తెలిసిపోతుంది; అక్కడి నుంచి గాయకుడిని మాత్రమే అనుసరించాలి.