రేషన్ కార్డు కుటుంబాలకు ఉపాధి శిక్షణ (ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

ఆహార సాయం అందుకునే పేద కుటుంబాల యువతకు పని నేర్పి ఉద్యోగం చూపించే కార్యక్రమాలు ఉత్తరాంధ్రలో ఊపందుకున్నది 2005 తర్వాతే. అంతకుముందు తిండికీ పనికీ ఉన్న లంకె వేరు. కేంద్రం 1977లో మొదలుపెట్టిన పనికి ఆహార పథకం కూలీలో కొంత బియ్యంగా ఇచ్చింది. 2001లో వచ్చిన సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజనలో రోజుకు కనీసం 5 కిలోల ధాన్యం, కూలీలో పావు వంతుకు తగ్గకుండా నగదు ఇవ్వాలన్నది నిబంధన. చెరువు పూడిక తీసినవారికి పూట గడిచింది గానీ కొత్త పనితనం అబ్బలేదు. 1979 నాటి ట్రైసెం పథకం గ్రామీణ యువతకు వృత్తులు నేర్పినా, ఉద్యోగం చూపించే పూచీ తీసుకోలేదు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇవ్వడంతో రేషన్ కార్డు పేదింటికి గుర్తింపు పత్రమైంది. ఉపాధి శిక్షణకూ ఆ కార్డే దారి చూపింది. 2005లో ఏర్పడిన ఈజీఎంఎం (ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్) గ్రామీణ పేద యువతకు ఇంగ్లిష్, కంప్యూటర్, దుకాణాల్లో అమ్మకాలు, సెక్యూరిటీ వంటి పనులు నేర్పింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ్యత సీడాప్ అనే ప్రభుత్వ సంస్థకు వచ్చింది.

2014లో కేంద్రం తెచ్చిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అర్హతను మరింత స్పష్టం చేసింది. అంత్యోదయ కార్డు ఉన్నా, ఇంట్లో ఒకరు కిందటేడాది 15 రోజులు ఉపాధి హామీ పనికి వెళ్లినా చాలు. వయసు 15 నుంచి 35 ఏళ్లు. మహిళలకు, ఆదిమ గిరిజనులకు 45 దాకా సడలింపు. సవర గూడేలున్న సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలకు ఈ సడలింపు ఎంతో అవసరం. అర్హతకు మరో ఆధారమైన ఉపాధి హామీ విజయనగరంలో 2006లో, శ్రీకాకుళంలో 2007లో అమలైంది. 2019 డిసెంబరులో మొదలైన ఉన్నతి పథకం, ఉపాధి హామీలో వంద రోజుల పని పూర్తిచేసిన కుటుంబంలో ఒకరికి శిక్షణ కాలానికి కూలి డబ్బులూ కట్టించింది. కూలి మానుకుంటే పొయ్యి వెలగని ఇంటికి శిక్షణ రోజుల్లో కూలి పోవడమే అసలు అడ్డంకి. రాజాంలోని నాగావళి గ్రామీణ వ్యవస్థాపక అభివృద్ధి సంస్థ వంటివి స్వయం ఉపాధి వైపు నడిపించాయి.

పోల్చి చూస్తే, అమెరికాలో 1985 చట్టం ఫుడ్ స్టాంపులనే ఆహార సాయానికి ఉపాధి శిక్షణను ముడిపెట్టింది. అక్కడ కొందరు శిక్షణకు రాకుంటే సాయం ఆగిపోవచ్చు. ఇక్కడ శిక్షణకు వెళ్లకపోయినా బియ్యం ఆగవు. చిక్కు మరోచోట ఉంది. 2019 నిబంధనల ప్రకారం గ్రామీణ కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు దాటితే బియ్యం కార్డుకు అర్హత పోతుంది. కొత్తగా కొలువులో చేరిన ఒక్కరి జీతమే ఆ హద్దు దాటవచ్చు. ఉద్యోగం నిలదొక్కుకునే వరకైనా కార్డు కొనసాగించడం న్యాయం.