సేవ, పని, బాధ్యత

అచ్యుతాపురంలో మా పెద్దమ్మ మంచం పట్టి రెండేళ్లయింది. స్నానం చేయించేది, అన్నం కలిపి పెట్టేది, రాత్రి మూడుసార్లు లేచి ఒత్తిగిలించేది మా వదినే. డిగ్రీ పూర్తిచేసిన వదిన కూతురు ఈ మధ్య నన్నడిగింది: "అత్తా, జర్మనీలో ఏడాదిపాటు ముసలివాళ్లకి సాయంచేసే వలంటీర్లు కావాలంట. తిండీ బసా చూసుకుని పాకెట్ మనీ కూడా ఇస్తారట. వెళ్లనా?" పక్కనే బట్టలు మడతపెడుతున్న వదిన నవ్వింది. "ఇక్కడ మీ నానమ్మకి చేసేదాన్ని ఎవరూ వలంటీరు అనరే!"

ఆ నవ్వు నన్ను వదల్లేదు. ముసలివాళ్లని చూసుకోవడం ఎక్కడ సేవ అవుతుంది, ఎక్కడ పని అవుతుంది, ఎక్కడ ఉట్టి బాధ్యతగా మిగిలిపోతుంది?

జర్మనీలో ఈ స్వచ్ఛంద సేవ కథే చూడండి. 1954లో బవేరియాలో ఒక ప్రొటెస్టెంట్ సేవాసంస్థ, రోగులనీ వృద్ధులనీ చూసే మనుషులు చాలక, మీ జీవితంలో ఒక్క ఏడాది ఇవ్వమని పిలుపునిచ్చింది. ఆ పిలుపు ముఖ్యంగా యువతులకే. 1964లో దానికి చట్టం వచ్చింది. అబ్బాయిలు సైన్యానికి బదులుగా వృద్ధాశ్రమాల్లో పనిచేసే పద్ధతి కూడా వుండేది. 2011లో నిర్బంధ సైనిక సేవని ఆపేసేసరికి ఆ చేతులు తగ్గిపోయాయి. అదే ఏడాది జూలైలో అన్ని వయసులవారికీ కొత్త స్వచ్ఛంద సేవా పథకం మొదలుపెట్టారు. అంటే మనుషులు కరువైనప్పుడల్లా ఆ కొరతకి "సేవ" అని పేరు పెట్టుకున్నారన్నమాట.

మన తీరం నుంచీ మనుషులు దేశాలు దాటారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి రంగం, అంటే రంగూన్ వెళ్లేవాళ్లు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక వాళ్లు కాలినడకన తిరిగొచ్చిన కథలు మనం విన్నాం. కానీ వాళ్లు లేనన్నాళ్లూ ఇక్కడ అత్తమామల్ని సాకిన ఆడవాళ్ల గురించి ఎవరు రాశారు?

1973లో చమురు ధర పెరిగాక దారి గల్ఫు వైపు తిరిగింది. ఈసారి ఆడవాళ్లూ కదిలారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ ఇళ్లకి వెళ్లి వంట చేశారు, పిల్లల్ని పెంచారు, లేవలేని ముసలివాళ్లని ఎత్తి కూర్చోబెట్టారు. తమ తల్లుల్ని మాత్రం చెల్లెళ్లకో కోడళ్లకో అప్పజెప్పి వెళ్లారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు విమానాల్లో తిరిగొచ్చిన లక్షన్నరకి పైబడిన భారతీయుల్లో వాళ్లూ వున్నారు.

వాళ్ల కోసం చట్టాలు రాకపోలేదు. 1983లో వలస చట్టం చేశారు. తర్వాత ముప్పై ఏళ్లు నిండని స్త్రీ ఇంటిపనికి గల్ఫు వెళ్లకూడదన్నారు. రక్షణ అన్నారుగానీ, దొంగదారిన వెళ్లినవాళ్లకి ఆ రక్షణా లేకుండా పోయింది. ఇంటిపని కూడా పనేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం చేసింది. దాన్ని మన దేశం ఇప్పటికీ ధృవీకరించలేదు. కువైట్ మాత్రం 2015లో చట్టం చేసి రోజుకి పన్నెండు గంటలకి మించకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ రాసుకుంది. అమలు సంగతి అలా వుంచితే, కాగితం మీదైనా ఆ పనికి గంటల లెక్క వచ్చింది.

మరి మా వదినకి? తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చేసిన చట్టం కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని వరసపెట్టి చెప్పింది. తిండి, బట్ట, నీడ, వైద్యం అని కూడా చెప్పింది. కోడలి పేరు అందులో లేదు. చాకిరీ ఆమెది, చట్టంలో ఆమె లేదు. వారానికో సెలవు మాట దేవుడెరుగు!

అమ్మాయిని వెళ్లొద్దని నేననలేదు. ఆ ఏడాదిలో భాష వస్తుంది, లోకం తెలుస్తుంది. వెళ్లేముందు ఎన్ని గంటల పనో, ఎన్ని రోజుల సెలవో రాతపూర్వకంగా అడగమన్నాను. కాగితం తెచ్చి రాసుకుంది. రాస్తూ రాస్తూ ఆగి, "మరి అమ్మకి ఎన్ని గంటలత్తా?" అంది.

లోపల పెద్దమ్మ పిలిచింది. వదిన లేవబోయింది. మా అన్నయ్య పేపరు చదువుకుంటున్నాడు. "ఈ పూట నువ్వెళ్లు నాన్నా," అంది అమ్మాయి.