విట్‌వర్త్ స్కాలర్‌షిప్‌లు: పనితనానికీ మార్కులు వేసిన చదువు

19వ శతాబ్దం మధ్య దాకా బ్రిటన్‌లో ఇంజనీరు కావాలంటే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరడమే ప్రధాన మార్గం. పేరున్న సంస్థలు అందుకు ప్రీమియం పేరుతో పెద్ద మొత్తం అడిగేవి. తర్వాత ఎలక్ట్రాన్‌ను కనుగొన్న జె.జె. థామ్సన్‌ను రైలింజన్ల తయారీ సంస్థలో చేర్చాలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. తండ్రి చనిపోవడంతో ఆ సొమ్ము కట్టలేకపోయారు. పేదింటి కుర్రాడు చేయి తిరిగిన ఫిట్టర్ కాగలిగినా గణితం, యంత్రశాస్త్రం నేర్చుకునే తీరిక అతనికి దొరికేది కాదు. 1867 పారిస్ ప్రదర్శనలో ఇతర యూరప్ దేశాల ప్రగతి చూసిన శాస్త్రవేత్త లియాన్ ప్లేఫెయిర్, సాంకేతిక విద్యలో బ్రిటన్ వెనకబడుతోందని హెచ్చరించాడు. మరుసటి ఏడాదే ఈ విషయంపై పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది.

ఆ ఏడాది మార్చిలోనే జోసెఫ్ విట్‌వర్త్ ప్రధాని డిజ్రేలీకి లేఖ రాశాడు. ఏటా 100 పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్‌లు శాశ్వతంగా నడిచేలా లక్ష పౌండ్లు ఇస్తానన్నాడు. 100 పౌండ్లంటే అప్పటి ఫిట్టర్ ఏడాది సంపాదన కన్నా ఎక్కువే. అంటే పని మానుకుని చదువుకున్నా తిండికి లోటుండదు. 1803లో పుట్టిన విట్‌వర్త్ లండన్‌లో మాడ్‌స్లే వర్క్‌షాప్‌లో పనిచేసి, 1833లో మాంచెస్టర్‌లో సొంత సంస్థ పెట్టాడు. 1841లో మరమేకుల చుట్లకు దేశమంతటికీ పనికొచ్చే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. చేతి నైపుణ్యం, కచ్చితమైన కొలత విడదీయరానివని ఆయన తన పని ద్వారానే తెలుసుకున్నాడు.

ఈ పథకం విశిష్టత డబ్బులో లేదు, ఎంపికలో ఉంది. తొలినాళ్ల పోటీలో గణితం, యంత్రశాస్త్రాలతోపాటు కమ్మరం, లేత్ పని, ఆకురాయి పట్టి భాగాలను అమర్చడం వంటి పనుల్లోనూ అభ్యర్థులను పరీక్షించేవారు. చదువుకున్నవాడు పని చేసి చూపాలి, పనివాడు సిద్ధాంతం రాసి చూపాలి. ఆ పరీక్షలు ఎక్కువ కాలం సాగలేదు. 19వ శతాబ్ది చివరి నాటికి వర్క్‌షాప్‌లో కొన్నేళ్లు పనిచేసినట్టు ధ్రువపత్రం చూపితే చాలు, విజేతను తేల్చేది రాతపరీక్షే. పరీక్షలకు తర్ఫీదు పొందినవారికే ఇది లాభించిందనే విమర్శలో నిజముంది. అయితే వర్క్‌షాప్ అనుభవం తప్పనిసరి అన్న నియమం నిలిచింది. ఇప్పుడు మెకానికల్ ఇంజనీర్ల సంస్థ నిర్వహిస్తున్న విట్‌వర్త్ స్కాలర్‌షిప్‌కు కూడా అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి ఉండటమే మొదటి అర్హత.

ఏటా కొద్దిమందికి దక్కే సాయం దేశాన్ని మారుస్తుందా అని అడగవచ్చు. బ్రిస్టల్‌లో అప్రెంటిస్‌గా ఉన్న హెన్రీ హెలీషా 1876లో ఈ స్కాలర్‌షిప్ గెలిచి, ఆ తర్వాత అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తొలి ఇంజనీరింగ్ ప్రొఫెసరయ్యాడు. ద్రవాల ప్రవాహంపై ఆయన చేసిన ప్రయోగం పేరు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. స్కాలర్లందరినీ ఒకచోట చేర్చే విట్‌వర్త్ సొసైటీని 1923లో స్థాపించిందీ ఆయనే. స్ట్రాట్‌ఫర్డ్ రైల్వే వర్క్‌షాప్‌లో పని నేర్చిన డబ్ల్యు.ఇ. డాల్బీ కూడా స్కాలరై, తర్వాత ప్రొఫెసరయ్యాడు. వీళ్లు తరగతి గదిలోకి వర్క్‌షాప్ అనుభవాన్ని తెచ్చారు. స్కాలర్లు కొద్దిమందే అయినా, వాళ్ల దగ్గర చదివిన తరాలు ఎన్నో.

నేటి ఇంజనీరింగ్ కంప్యూటర్ నమూనాల మీద నడుస్తోంది కాబట్టి ఆ అనుభవం అనవసరమనేది మరో వాదన. కానీ ఆ నమూనా ఇచ్చిన కొలతలతో భాగాన్ని తయారుచేయగలమా, ఎంత తేడా దాకా యంత్రం నడుస్తుంది అన్నది తయారీ తెలిసినవారే చెప్పగలరు. మన విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డిప్లొమా చదివినవారు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. ఇది గొప్ప అవకాశమే. 1961 అప్రెంటిస్ చట్టం శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇప్పిస్తోంది. అయితే ఈ రెంటినీ కలిపే వంతెన బలహీనంగా ఉంది. ఈసెట్ ర్యాంకు తేల్చేది ప్రవేశ పరీక్ష మార్కులే; కర్మాగారంలో గడిపిన ఏడాదికి అందులో విలువ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేదరికాన్ని చూసి ఆదుకుంటుంది, అది అవసరం కూడా. దానితోపాటు పని నేర్చుకున్న కాలాన్నే అర్హతగా గుర్తించి, చదివినన్నాళ్లూ ఇల్లు గడిచేంత మొత్తం ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా కావాలి. ఎంపికలో పనితనాన్ని చేయించి చూడాలి. ఆ భాగాన్ని వదిలేస్తే పథకం మరో ప్రవేశ పరీక్షగా మారిపోతుందని విట్‌వర్త్ చరిత్ర హెచ్చరిస్తోంది.