ఇంటికి ఏ కంప్యూటరు? – రిచీ స్ట్రీట్ చెప్పిన జవాబు

సూళ్లూరుపేట, నగరి, పుత్తూరు ప్రాంతాల వారికి మద్రాసు ఏనాడూ పరాయి ఊరు కాదు. పెళ్లి బట్టలకైనా, పెద్దాసుపత్రికైనా పొద్దున రైలెక్కి రాత్రికి ఇల్లు చేరేవారు. 1990 దశకంలో ఆ ప్రయాణాలకు మరో పని తోడైంది. అదే, పిల్లల చదువు కోసం కంప్యూటరు కొనడం. ఇంట్లో ఎవరూ వాడి ఎరుగని వస్తువు. వెల చూస్తే చిరుద్యోగికి కొన్ని నెలల జీతం. తప్పు వస్తువు కొంటే మళ్లీ కొనే తాహతు ఉండదు. మరి ఏది కొనాలి?

ఇళ్ల కోసమే పుట్టిన తొలి యంత్రాలు చిన్నవి, చవకైనవి. 1982లో బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌కు ఇంట్లోని టీవీయే తెర, టేప్‌రికార్డరే భోషాణం. అయితే ఒక కంపెనీ యంత్రానికి రాసిన ప్రోగ్రాము మరొకదానిలో నడిచేది కాదు. కంపెనీ మూతపడితే కొన్నవాడికి దిక్కులేదు. 1984లో వచ్చిన ఆపిల్ మెకింటోష్ అందమైనది, వాడటానికి సులువైనది. కాని అది మూసిన పెట్టె. అదనంగా ఒక కార్డు అమర్చుకునే చోటు కూడా తొలి మెకింటోష్‌లో లేదు.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. విడుదల చేసిన పీసీ తీరు వేరు. ప్రాసెసరు ఇంటెల్ వారిది, డాస్ మైక్రోసాఫ్ట్ వారిది. లోపలి నిర్మాణ వివరాలను ఐ.బి.ఎం. పుస్తకంగా అచ్చువేసింది. దాంతో అదే పద్ధతిలో ఇతరులూ యంత్రాలు తయారుచేశారు. మన దేశంలో 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటర్ విధానం దిగుమతి సుంకాలను తగ్గించింది. విడిభాగాలు రావడానికి దారి ఏర్పడింది.

ఆ దారి మద్రాసులో రిచీ స్ట్రీట్‌కు చేరింది. మౌంట్ రోడ్డు పక్కనున్న ఈ సందు అంతకుముందు రేడియో సామాన్లకు పేరుపొందింది. వాల్వులు, కండెన్సర్లు అమ్మిన చోటే మదర్‌బోర్డులు, హార్డ్‌డిస్కులు వెలిశాయి. ఇక్కడే కొనుగోలుదారుకు అసలు తూకం ఎదురైంది. హెచ్.సి.ఎల్., విప్రో వంటి కంపెనీ యంత్రానికి రసీదు, హామీ ఉండేవి, ధర ఎక్కువ. రిచీ స్ట్రీట్‌లో కూర్చిన యంత్రం చవక. అయితే హామీ చాలాసార్లు దుకాణదారు నోటిమాటే. ప్రోగ్రాములూ తరచు దొంగ ప్రతులే. అయినా మధ్యతరగతి ఇళ్లు ఎక్కువగా దానివైపే మొగ్గాయి. కారణం ధర ఒక్కటే కాదు. ఒక భాగం చెడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. జ్ఞాపకశక్తి చాలకపోతే మరుసటి ఏడాది మరికొంత చేర్చుకోవచ్చు.

తెలుగువారికి ఇందులో మరో లాభం ఉంది. సి-డాక్ వారి జిస్ట్ కార్డును పీసీలోని ఖాళీ అరలో అమరిస్తే, ఇంగ్లీషు మాత్రమే చూపే డాస్ తెర మీద మన లిపి కనిపించేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగును తనలోనే కలుపుకునేదాకా ఇలాంటి ఏర్పాట్లే ఆధారం.

దీనికి పూర్తిగా ఎదురు ఆలోచన కూడా చెన్నైలోనే సాగింది. మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు అశోక్ ఝున్‌ఝున్‌వాలా చొరవతో నెలకొన్న నోవేటియం సంస్థ నెట్‌పీసీని రూపొందించింది. ఇంట్లో ఉండేది చిన్న పెట్టె, అసలు పని దూరాన ఉన్న సర్వరుది. చెడిపోయేదే తక్కువ. కాని తీగ తెగితే అది మూగబోతుంది. తరువాత 2011 సెప్టెంబరు 15న తిరువళ్లూరు జిల్లా కాక్కలూరులో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం ప్రారంభించింది. ఎన్నడూ ఈ తూకం వేయలేని ఇళ్లలోకి కూడా కంప్యూటరు నడిచివచ్చింది.

నేడు దొరికే సన్నని ల్యాప్‌టాపుల్లో చాలావాటికి జ్ఞాపకశక్తి బోర్డుకే అతికి ఉంటుంది, పెంచుకోవడానికి వీలులేదు. మూసిన పెట్టె మళ్లీ వచ్చిందన్నమాట. అందుకే కొనబోయే ముందు వేగమెంత అని అడిగే నోటితోనే, చెడితే మా ఊళ్లో ఎవరు బాగుచేస్తారు అని కూడా అడగండి. రేడియో కొన్ననాడు మన పెద్దలు అడిగిన ప్రశ్న కూడా అదే.